హార్మోనీ పెట్టె పోయిన ఏడు

పోయిన నెలలో మా గుడిలో కీబోర్డు పోయింది. కడపలో మా కాలనీ చివర, కాలువ పక్కన ఉండే చిన్న రేకుల ఏసు గుడి మాది. మా కూతురి కూతురు కీర్తన ఆదివారాలు ఆ కీబోర్డు వాయించేది. తలుపు విరగలేదు, తాళం పగలలేదు. తాళంచెవి ఉండేది ప్రవీణ్ అనే పిల్లవాని దగ్గర. పిల్లవాడు అంటున్నాను గాని ఇద్దరు బిడ్డల తండ్రి. ఆటో తోలుకుంటూ, ఆదివారాలు గుడిలో మైకులూ వైర్లూ సర్దేవాడు. ఎదురింటి గేటు కెమెరాలో ఎవరో మనిషి నెత్తికి ముసుగేసుకొని, పొడుగాటి సంచి చంకన పెట్టుకొని పోవడం పడిందట. ఆ బొమ్మ ఫోన్లకెక్కి, కాలనీ అంతా తిరిగి మా ఇంటికొచ్చింది. నేను వసారాలో కూర్చొని చింతపండు గింజలు తీస్తున్నాను. మా కూతురు మేరీ, పక్కింటామె, కీర్తన నా చుట్టూ చేరారు.

"అవ్వా, నువ్వు సూడు. దినామూ గేటు కాడ కూచోనుంటావు, కాలనీలో అందరి నడకలూ నీకు తెలుసు" అని కీర్తన ఫోను నా చేతిలో పెట్టింది.

"సూసేదేముండాదిమా, ప్రవీణే. ఆ భుజం వంపు సూడు" అన్నది మేరీ.

"అవ్వ నోట్లోనుంచి వస్తే ఇంక తిరుగులేదు. పాస్టరు గారు గూడా కాదనరు" అన్నది పక్కింటామె.

నల్లటి తెర మీద బూడిద రంగు మనిషి ఒకడు అటునుంచి ఇటు పోయాడు. కళ్లు పెట్టి చూసేలోగా తెర ఆరిపోయింది. ఆరిన ఆ నల్లటి అద్దంలో నా ముఖం కనపడింది. నా భుజాల మీదుగా వంగిన ముఖాలు కనపడ్డాయి. ఎక్కడా ఆముదం లేని ఇంట్లో ఉన్నట్టుండి నా ముక్కుకు ఆముదం మసి వాసన కొట్టింది. ఫోను కీర్తన ఒళ్లో పడేసి, "నా అద్దాలు లోపలుండాయి. తర్వాత సూస్తాలే" అన్నాను.

"అద్దాలు నీ ముక్కు మీదనే ఉండాయి కదవ్వా!" అని అది నవ్వింది. నేను నవ్వలేదు. చింతపండు గిన్నె ఎత్తుకొని లోపలికి పోయాను. అన్నం వృథా చేయడం నా ఒంటికి పడదు. అయినా ఆ పూట కంచంలో అన్నం వదిలేసి లేచాను.

మా పుట్టిల్లు కమలాపురం దగ్గరి పల్లె. ఆ ఊళ్లో మావి క్రైస్తవుల ఇళ్లు, ఒక వరసగా ఉండేవి. అన్నీ కూలి చేసుకునేవాళ్లవీ, చెక్కా ముక్కా చేను ఉన్నవాళ్లవీ. వరస చివర సున్నం కొట్టిన గుడి. మా నాయన ఆ గుడిలో గంట కొట్టేవాడు, ఊడ్చేవాడు, తాళం వేసేవాడు. మాకు చేను లేదు, పశువులు లేవు. అమ్మ, నాయన కూలికి పోతే ఇల్లు నడిపేది మా నాయన తల్లి, మా జేజి. ఆమె పిసినారితనమే నాకు అబ్బిందని మేరీ అంటుంది. నిజమే అయ్యుండచ్చు. జేజి సంకటి కెలికిన తెడ్డును కూడా నీళ్లతో కడిగి, ఆ నీళ్లు నాకు తాగించేది. సబ్బు బిళ్లను దారంతో నాలుగు ముక్కలు కోసి, మూడు ముక్కలు ఉట్టిలో దాచేది. ఇంట్లోనే ఆముదపు గింజలు వేయించి, దంచి, ఉడకబెట్టి ఆముదం తీసేది. ఆ ఉడుకు వాసన మా ఇంటి గోడలకే పట్టేసి ఉండేది. తలకూ అదే, దీపానికీ అదే, బండి ఇరుసుకని అడిగిన వాళ్లకూ అదే. దీపం వత్తి ఒక గింజంత పైకి లేచినా, "ఎవురికి పెండ్లి ఈడ, ఇంత ఎలుతురు?" అని దింపేది.

మా గుడి హార్మోనీ పెట్టె కొన్నది పిడికెడు గింజలతో. పొయ్యి మీద ఎసరు పెట్టినప్పుడల్లా ప్రతి ఇంట్లో ఆడమనిషి ఒక పిడికెడు కొర్రలో జొన్నలో తీసి గుడి ముంతలో వేసేది. మా జేజి పిడికిలి ఎంత చిన్నదో అందరికీ తెలుసు. అయినా కరువులో కూడా ఆమె ఆ పిడికెడు మానలేదు. ఆ ముంతలన్నీ ఏళ్ల తరబడి నిండి, అమ్మి, చివరికి కడప నుంచి పెట్టె వచ్చింది. దాని కోసం మా ఇళ్లలో ప్రతివాళ్లూ తమ కంచంలో నుంచి తీసిచ్చారు. అందుకే దాన్ని అందరూ చంటిబిడ్డలా చూసుకున్నారు. నాయన దానికి ఎర్రగుడ్డ గలీబు కుట్టించాడు. పురుగు పట్టకుండా వేపాకు పెట్టేవాడు. దాని గాలి తిత్తి తెరిచినప్పుడు వేపాకు వాసన, కొత్త కర్ర వాసన కలిసి వచ్చేవి. నాకు ఈనాటికీ దేవుని వాసన అంటే అదే.

వానలు పూర్తిగా ఎగ్గొట్టిన ఏడు ఆ పెట్టె పోయింది. ఆదివారం పొద్దున నాయన తాళం తీసి లోపలికి పోయి, ఎంతసేపటికీ గంట కొట్టలేదు. జనం గుడి ముందు చేరి చూస్తే, బల్ల మీద ఎర్ర గలీబు మడిచి పెట్టి ఉంది, పెట్టె లేదు. తాళం తాళంలాగే ఉంది. తాళంచెవి నాయన మొలతాడుకు ఉంది. ఆ రోజు పాట ఎవరూ ఎత్తుకోలేదు. అందరూ నాయన మొలవైపే చూశారు.

ఆ చూపులు నేను మరిచిపోలేదు. మరునాటి నుంచి అమ్మ బావికి పోతే మాటలు ఆగిపోయేవి. కూలికి పిలిచే కామందు ఇంటి మనిషి మా గడప దాటి పోయి పక్కింటి వాళ్లను పిలిచాడు. సంఘానికి పెద్ద దానియేలు పెదనాయన. వరసకు పెదనాయన గాని రక్తసంబంధం లేదు. ఆయన వచ్చి అరుగు మీద కూర్చోకుండా నిలబడే నాయనతో చెప్పాడు. "సామేలూ, నేనేం అనల్యా. జనం అంటాండారు. పెట్టె కనపడకపోతే నువ్వు ఈడ ఉండడం కష్టమప్పా." అప్పుడు నాకు తెలిసింది, మేము ఊరు విడిచి పోవాల్సి వస్తుందని. ఎక్కడికి పోతాము? ఆ ఏడు ఏ ఊళ్లోనూ నీళ్లు లేవు. దొంగ అనిపించుకొని పోయినవాణ్ణి ఎవరు పనిలో పెట్టుకుంటారు?

ఇంతకన్నా పెద్ద భయం నా ఒక్కదానికే ఉండేది. కొంతకాలం ముందు, సంకటి చాలక అమ్మ కుండ గీరుతుంటే, నాయన నవ్వుతూ, "ఆ హార్మోనీ పెట్టె అమ్మితే మనం ఏడాది కూచోని తినచ్చు మే" అన్నాడు. అమ్మ కూడా నవ్వింది. పెట్టె పోయిన తరువాత ఆ నవ్వు నా చెవుల్లో వేరుగా మోగడం మొదలుపెట్టింది. అంతలో ఒకరోజు జేజి సున్నం తెమ్మంటే నాయన వక్కాకు సంచిలో చెయ్యి పెట్టాను. సున్నపుకాయతో పాటు ఒక తెల్లటి పలక చేతికి వచ్చింది. అది హార్మోనీలో వేలితో నొక్కే మెట్టు మీద అతికించి ఉండే పలక. దాని మూల కొంచెం విరిగి ఉంటుంది. నేనే ఎన్నోసార్లు దాని మీద వేలు పెట్టి నొక్కాను. పలక మళ్లీ సంచిలోనే తోసి, సున్నం జేజికిచ్చి, గోడకు ఆనుకొని కూర్చుండిపోయాను. "ఏం మే, దెయ్యాన్ని సూసినావా?" అన్నది జేజి.

నేను ఎదురుకాళ్లతో పుట్టాను. మా పక్క అట్లాంటి పిల్లల కాలికి గుణం ఉందని నమ్మకం. నడుము పట్టినవాళ్లు వచ్చి మా అరుగు మీద బోర్లా పడుకుంటే, నేను కాలితో వాళ్ల నడుము తాకాలి. జేజి వాళ్ల దగ్గర దోసెడు వేరుశెనక్కాయలు తీసుకునేది. నెలకొకసారి కమలాపురం నుంచి వచ్చే పాస్టరయ్య ఇది పాపమని గదమాయిస్తే, "అయ్యకు నడుం పట్టినప్పుడు మాట్లాడుకుందాంలే" అన్నది గాని కాయలు మానలేదు. ఎదురుకాళ్ల పిల్లకు ఇంకో గుణం కూడా ఉందని అంటారు. అంజనం వేస్తే దొంగ కనపడతాడట.

పాస్టరయ్య రావడానికి ఇంకా వారాలుండగా, దానియేలు పెదనాయన, మరికొందరు పెద్దలు కలిసి, ఆంజనేయునికి మొక్కి అంజనం వేసే సుబ్బన్న తాతను పిలిపించారు. నన్ను పంపమని అడగడానికి వచ్చినప్పుడు జేజి గడపలో అడ్డంగా కూర్చున్నది.

"మన దేవుని పెట్టెకు ఆంజనేయుని సాక్ష్యమా దానియేలూ?"

"ఏం చెయ్యమంటావు పిన్నమ్మా. మన దేవుడు ఇంగా చెప్పల్యా గదా."

"చెప్పేవరకు ఆగు. నీకేం పని ఉండాది, వానలా పాడా?"

"పంపకపోతే ఏమనుకుంటారో నువ్వే ఆలోచించుకో" అని ఆయన అటు తిరిగాడు. జేజి గడప వదిలి లేచింది. మసికి ఆముదం కూడా మా ఇంటిదే అడిగారు. జేజి చిన్న గిన్నెలో అడుగంటా పోసి, "దొంగ మొగానికి పుయ్యడానికి ఇది శానా ఎక్కువ" అన్నది. ఆ గిన్నె నా చేతికే ఇచ్చింది.

దానియేలు పెదనాయన పశువుల కొట్టం దాకా నాయన నన్ను వెంటబెట్టుకొని నడిచాడు. మధ్యాహ్నపు ఎండ. ఆముదం ఒలకకుండా రెండు చేతులా పట్టుకున్నాను. నా లోపల ఉన్నది ఒకటే మాట. కనపడితే? నాయన కనపడితే ఏం చెప్పాలి? చెప్పకపోతే కళ్లు పోతాయని ఎవరో అన్నారు. చెబితే నాయన పోతాడు. కంచె దాటేటప్పుడు ఇంక పట్టలేక అడిగేశాను.

"నాయనా, పెట్టె నువ్వే తీసినావా?"

నాయన నిలబడిపోయాడు. తలకు చుట్టుకున్న తుండు విప్పి ముఖం తుడుచుకున్నాడు. కొడతాడనుకున్నాను. కొట్టలేదు. కాలిబాట పక్కన గొంతుక్కూర్చొని నా ముఖంలోకి చూశాడు.

"నీకెవురు చెప్పినారు?"

"ఎవురూ చెప్పల్యా. నీ సంచిలో మెట్టు సూసినా."

"అది ఊడిపొయ్యింటే అతికిద్దామని పెట్టె పోకముందే తెచ్చినా మే. తుమ్మబంక కోసం తిరుగుతాండా" అన్నాడు. గొంతు చాలా మెల్లగా ఉంది. కాసేపు నేల గీకి, లేచి, "ఇనుకో. అంజనంలో నేను కనపడితే, కనపడినానని చెప్పు. నా కోసం అబద్దం చెప్పొద్దు. భయపడొద్దు" అన్నాడు.

భయపడొద్దు అన్న తరువాతే నాకు నిజమైన భయం పట్టుకున్నది. నాయన తీయలేదని ఆ క్షణాన నమ్మాను. కానీ అంజనానికి ఆ సంగతి తెలుసో లేదో.

కొట్టంలో చీకటి. పేడ వాసన, పాత గడ్డి వాసన. సుబ్బన్న తాత ముందే ప్రమిద వెలిగించి, దాని మీద మూకుడు బోర్లించి మసి పట్టాడు. ఆ మసిని మా ఆముదంతో రంగరించి, తమలపాకు మీద మందంగా పూసి, ఆకును నా అరచేతిలో పెట్టాడు. అది వెచ్చగా ఉంది, నల్లగా నిగనిగలాడుతోంది. రెప్ప వేయకుండా చూడమన్నాడు. నా వెనక నాయన నిలబడ్డాడు. ముందు తాత. చుట్టూ పెద్దలు, వాళ్ల వెనక ఆడవాళ్లు. జేజి వాకిట్లోనే నిలబడి లోపలికి తొంగి చూస్తున్నది.

"ఎవురన్నా వస్తాండారా బిడ్డా?"

"లేదు."

"బాగా సూడు. వస్తారు. మనిషి పొడుగా, పొట్టా?"

నాకు కనపడుతున్నది ప్రమిద వెలుగు ఒక్కటే. అందరూ ఇంకా ముందుకు వంగారు. దానియేలు పెదనాయన ఊపిరి నా చెవికి తగులుతోంది. ఆయనే అడిగాడు, "తలకు తుండు ఉండాదా, సూడు."

తలకు తుండు చుట్టేవాడు మా వరసలో ఎవరో అందరికీ తెలుసు. నేను ఆకులోకి చూశాను. మసిలో మెల్లగా ఒక తల కనపడింది. తుండు కనపడింది. తుండు కింద నాయన ముఖం. ఒకవైపు కళ్లు పోతాయి, ఇంకోవైపు నాయన పోతాడు. అబద్దం చెప్పొద్దన్న మాట మాత్రం నా తల మీద చెయ్యి పెట్టినట్లు ఉంది.

"ఉండాడు."

"ఎవురు?" అన్నాడు తాత.

"నాయన."

ఎవరో ఆడమనిషి "అయ్యో" అన్నది. దానియేలు పెదనాయన గట్టిగా ఊపిరి వదిలాడు. నేను ఇంకా చూస్తూనే ఉన్నాను, చూడడం ఆపమని ఎవరూ చెప్పలేదు గనుక. "ఇంగా ఉండారు" అన్నాను. "దానియేలు పెదనాయన ఉండాడు. ఆ పక్కన రాజమ్మత్త ఉండాది. ఏసోబు మామ ఉండాడు. అందరూ ఉండారు."

మొదట ఎవరికీ అర్థం కాలేదు. తరువాత వేడి కుంపటి తగిలినట్లు దానియేలు పెదనాయన వెనక్కి జరిగాడు. "పెదనాయన పొయ్యినాడు" అన్నాను. రాజమ్మత్త కొంగు నోటికి అడ్డం పెట్టుకొని గోడ దాకా జరిగింది. "రాజమ్మత్త గూడా పొయ్యింది." ఒక్కొక్కరూ జరిగారు, వాళ్ల కాళ్ల చప్పుడు గడ్డిలో వినపడుతోంది. ఆ ముఖాల్లో భయం నేను మసిలో చూశాను. అంతవరకూ ఆ భయం నా ఒక్కదానిదే అనుకున్నాను. చివరికి ఆకులో ఒకే ముఖం మిగిలింది.

"ఇప్పుడు నాయన ఒక్కడే ఉండాడు" అన్నాను. చెబుతూనే ఏడ్చేశాను.

వాకిట్లో నుంచి జేజి గొంతు లేచింది. "వాడు దాని ఎనకాలే నిలబడుకోనుండాడు గదప్పా, కనపడక యాడికి పోతాడు? మీరంతా ఏంటికి పరిగెత్తినారు? అది చెప్పండి ముందు!"

సుబ్బన్న తాత తలెత్తి నాయనను చూశాడు. నాయన కదల్లేదు. తాత నా చేతిలో ఆకు తీసుకొని, మడిచి, ప్రమిద ఆర్పాడు. జేజి లోపలికి వచ్చి, గిన్నెలో మిగిలిన ఆముదం నా తలకు పూసి, గిన్నె చంకన పెట్టుకొని నన్ను లాక్కుపోయింది.

ఆ తరువాత ఒక పొద్దున పెట్టె గుడి మెట్ల మీద ఉంది, గోతాం కప్పి. తిత్తిని ఎలుకలు కొట్టాయి. వాయించే మెట్ల సందుల్లో ఎండుగడ్డి పోచలు ఇరుక్కుని ఉన్నాయి. గుడి వెనక కిటికీ కమ్మీ ఒకటి ఊడి వస్తుందని అప్పుడే తెలిసింది. ఏ వామిలో దాచి తెచ్చారో ఎవరూ ఎవరినీ అడగలేదు. మా వరసలో గడ్డివామి లేని ఇల్లు మాదొక్కటే. ఎవరు తీశారో నాకు ఈనాటికీ తెలియదు. తెలుసుకోవాలన్న ఆశ కూడా ఎప్పుడో పోయింది.

నాయన తుమ్మబంకతో ఆ పలక అతికించాడు. గంట కొట్టడం మానలేదు. కానీ ఆ రోజు నుంచి గుడిలోకి ఒంటరిగా పోలేదు. ఆదివారమైనా, మామూలు దినమైనా, జ్వరంతో ఉన్నా నన్ను లేపేవాడు. గడప దగ్గర నిలబెట్టి, "నేను లోపలికి పోతాండా, నువ్వు సూస్తాండు" అనేవాడు. చూడాల్సింది ఏముందో నాకు తెలుసు. నన్ను అత్తగారింటికి పంపేదాకా అంతే. నేను పోయిన తరువాత మా తమ్ముణ్ణి నిలబెట్టాడట. ఊరు ఆ సంగతి మరిచిపోయింది. పెట్టె మళ్లీ పాడింది. నాయన మాత్రం తన దేవుని ఇంట్లోకి సాక్షి లేకుండా అడుగుపెట్టకుండానే పోయాడు.

మేరీకి ఇదంతా చెప్పాను. "అప్పుడు మసి మా, ఇప్పుడు కెమెరా. రెండూ ఒకటేనా?" అన్నది. ఒకటి కాదు, నాకూ తెలుసు. కెమెరా నిజం చూస్తుంది, కానీ ఆ బొమ్మకు పేరు పెట్టేది మనమే. నేను వేలు చూపితే ఆ పిల్లవాని ఆటో ఎవరూ ఎక్కరు. అందుకే ఎవరు అడిగినా గుర్తుపట్టలేదనే చెప్పాను. నిజంగానే గుర్తుపట్టలేదు.

పోయిన ఆదివారం నేను అందరికన్నా ముందే గుడికి పోయాను. ముందే బయలుదేరితే మెల్లగా నడిచి పోవచ్చు, ఆటో డబ్బులు మిగులుతాయి. ప్రవీణ్ తలుపు ముందు నిలబడి ఉన్నాడు. తాళంచెవి చేతిలో ఉంది, తాళం తీయలేదు.

"ఏమప్పా, ఏంటికి నిలబడినావు?"

"ఎవురన్నా రానీలే అవ్వా. ఇద్దరం కలిసి పోదాం."

నాకు గడప దగ్గర నిలబడిన చిన్నపిల్ల కాళ్లు గుర్తుకొచ్చాయి. మెట్టు మీద చీర సర్దుకొని, వీపు తలుపు వైపు పెట్టి కూర్చున్నాను. "నేను రాను. నువ్వొక్కనివే పో. తాళం తీసుకో, పని సూసుకో."

"నువ్వు సూస్తాండవ్వా."

"నేనేం సూడను. పో."

తాళం తీసిన చప్పుడు వినపడింది. తలుపు కిర్రుమన్నది. వాడు లోపలికి పోయాడు. తరువాత చాలాసేపు ఏ చప్పుడూ లేదు. భయం లేదా అంటే, ఉంది. ఒకవేళ వాడే అయితే? ఇంకేదైనా పోతే, నేనే కదా పంపింది? వెనక్కి తిరగాలని మెడ నొప్పెట్టింది. కొంగు ముడి గట్టిగా పట్టుకొని రోడ్డు వైపే చూస్తూ కూర్చున్నాను. అప్పుడు లోపల మైకు టకటకమన్నది.

"హలో, హలో... అవ్వా, ఇనపడతాందా?"

"ఇనపడతాందిలే" అని అరిచాను. "ఇంగా ఎవురూ రాల్యా. కరెంటు దండగ, ఆపు!"